బియ్యం డబ్బాలో దాచిన నాలుగు మాత్రలు

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది నల్గొండ జిల్లాలో ఒక పల్లె. మా నాయనకు 54 ఏళ్లు. తాళ్లెక్కి బతికిన మనిషి. ఆరేళ్ల కిందట మోకు జారి చెట్టు మీంచి పడ్డాడు. వెన్నుపూస విరిగితే ఆపరేషన్ చేసి రాడ్లు వేశారు. కర్ర పట్టుకొని నడుస్తాడు గానీ నడుము నొప్పి, కాళ్లల్లో మంటలు ఈనాటికీ పోలేదు. మొదట్లో ఊళ్లో ఆర్‌ఎంపీ సూదులు వేసేవాడు. తర్వాత ట్రమడాల్ అనే నొప్పి మాత్రలు అలవాటయ్యాయి. రోజుకు రెండుతో మొదలై పది, పన్నెండు దాకా పోయింది. దానికితోడు సాయంత్రం మందు కల్లు. నిరుడు ఫిట్స్ వచ్చి పడిపోతే సర్కారు ఆస్పత్రిలో, మత్తు మాన్పించే వార్డులో ఇరవై రోజులు ఉంచారు. ఏడు నెలలైంది, కల్లు ముట్టలేదు, ఆ మాత్రా ముట్టలేదు. రోజూ పొద్దున నాల్ట్రెక్సోన్ 50 అనే మాత్ర నేనే దగ్గరుండి వేస్తున్నాను. నొప్పి మాత్రం అలాగే ఉంది. రాత్రి రెండు గంటలకు లేచి కాళ్లు పిసుక్కుంటూ ఏడుస్తాడు. పట్నంలో ఎముకల డాక్టర్‌కు చూపిస్తే, పాత ఫైలు చూసి 'ఇది అడిక్ట్ కేసు, నొప్పి మాత్ర రాయను' అన్నాడు. మాత్ర కోసమే నటిస్తున్నాడని మా అన్న అంటాడు. మా చిన్నాయన చూడలేక నాలుగు ట్రమడాల్ మాత్రలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. బియ్యం డబ్బాలో దాచాను. ఒక్కటి వేస్తే ఏమవుతుంది? ఈ నొప్పి నిజమా, నటనా? ఎట్లా తెలుసుకోవాలి?

జవాబు: అమ్మా, ముందు ఆ నాలుగు మాత్రల సంగతి చెప్తాను. వేయకండి. ఒక్కటి కూడా వద్దు. ఎందుకు వద్దో కాస్త వివరంగానే చెప్పాలి. అర్ధరాత్రి నాయన మీ చెయ్యి పట్టుకొని బతిమాలినప్పుడు 'డాక్టర్ వద్దన్నాడు' అన్న ఒక్క మాట మీకు చాలదు.

మీరు రోజూ వేస్తున్న నాల్ట్రెక్సోన్, మెదడులో మత్తు జాతి నొప్పి మందులు వెళ్లి కూర్చునే చోటును ముందే ఆక్రమించి ఉంటుంది. తాళంకప్పలో ఒక చెవి ఇరుక్కుపోతే ఇంకో చెవి పట్టదు కదా, అలాగే. ట్రమడాల్‌తో సహా ఆ జాతి మందు ఏది వేసినా దానికి అక్కడ చోటు దొరకదు. అందుకే నొప్పి తగ్గేది అంతంతమాత్రం. కానీ ట్రమడాల్ ఇంకో పని కూడా చేస్తుంది. మెదడులో సెరటోనిన్, నార్‌ఎడ్రినలిన్ అనే రసాయనాలను పెంచుతుంది. ఆ పనిని నాల్ట్రెక్సోన్ ఆపలేదు, ఫిట్స్ ప్రమాదాన్నీ తీసేయలేదు. నాయనకు నిరుడు ఒకసారి ఫిట్స్ వచ్చాయి. ఒక మాత్రతో తగ్గలేదని రెండోది, రెండోదానితో తగ్గలేదని మిగతా రెండూ వేసుకుంటే, మళ్లీ అదే జరగవచ్చు.

'నాలుగు రోజులు నాల్ట్రెక్సోన్ ఆపి చూడు, అప్పుడు మాత్ర పనిచేస్తుంది' అని సలహా ఇచ్చేవాళ్లూ ఉంటారు. నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే. రోజుకు పది మాత్రలు తట్టుకున్న ఒళ్లు ఇప్పుడు లేదు. ఈ ఏడు నెలల్లో ఆ అలవాటు పోయింది. మనసుకు మాత్రం ఆ పది అనే లెక్క గుర్తుంటుంది. మానేసిన మనిషి మళ్లీ పాత లెక్కలో వేసుకుంటే ఫిట్స్ రావచ్చు, నిద్రలోనే ఊపిరి ఆగిపోవచ్చు. పైన కల్లు కూడా తాగితే ముప్పు ఇంకా ఎక్కువ. కల్తీ కల్లులో కలిపేవి అల్ప్రాజొలాం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ వంటి నిద్రమత్తు మందులు. అవి కూడా ఊపిరిని మందగింపజేసేవే. కల్లు దుకాణాలు మూతపడినప్పుడల్లా వణుకుతో, ఫిట్స్‌తో జనం ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు పరుగెత్తడం మనం చూశాం. అది కల్లు లేక కాదు, ఆ మందులు ఒక్కసారిగా అందకపోవడం వల్ల. ఇంకా మందు కల్లు తాగుతున్నవాళ్లు మీ ఊళ్లో ఉంటే, ఒక్కరోజులో మానేయమని వాళ్లను బలవంతపెట్టకండి. డాక్టర్ పర్యవేక్షణలో మెల్లమెల్లగా తగ్గించాల్సిందే.

ఇక మీరు అడిగిన పెద్ద ప్రశ్న. నొప్పి నిజమా, నటనా?

నిజం. వెన్నులో నరాలు నలిగిన మనిషికి కాళ్లల్లో మంటలు ఏళ్ల తరబడి ఉండవచ్చు. గాయం మానినా దెబ్బతిన్న నరం మెదడుకు తప్పుడు కబుర్లు పంపుతూనే ఉంటుంది. ఎక్స్‌రేలో అది కనిపించదు. రాడ్లు సరిగ్గా ఉన్నాయని ఎముకల డాక్టర్ చెప్తే అదీ నిజమే, కాళ్లు కాలిపోతున్నాయని నాయన చెప్తే అదీ నిజమే. ప్రపంచ దేశాల నొప్పి నిపుణుల సంఘం 2020లో నొప్పి నిర్వచనాన్ని సవరించినప్పుడు, నొప్పి ఉందని మనిషి చెప్తే ఆ మాటను గౌరవించాలని దానికింద ప్రత్యేకంగా రాసింది. మత్తు అలవాటున్నవాళ్లకు ఇది వర్తించదని ఎక్కడా మినహాయింపు ఇవ్వలేదు.

ఇంకో సంగతి మీ అన్నకు చెప్పండి. ఏళ్ల తరబడి ఆ జాతి మాత్రలు మింగినవాళ్లలో కొందరికి ఒళ్లు నొప్పిని మామూలుకన్నా ఎక్కువగా పట్టుకుంటుంది. ఒకప్పుడు లెక్కచేయని దెబ్బకే ఇప్పుడు విలవిలలాడతారు. చూసేవాళ్లకు అది నటనలా కనిపిస్తుంది.

అలాగని మాత్ర మీద ఆశ అసలు లేదా అంటే, ఉంటుంది. ఉండకపోతేనే ఆశ్చర్యం. రాత్రి రెండు గంటలకు నిద్ర లేక, మనిషి తోడు లేక, కాళ్లు మండుతున్నప్పుడు ఒకప్పుడు హాయినిచ్చిన మాత్ర గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది? నొప్పి ఆశను లేపుతుంది, ఆశ నొప్పిని ఇంకా పెద్దది చేస్తుంది. ఏది ఎంత అని మీరు తూకం వేయలేరు, నేనూ వేయలేను. వేయాల్సిన పనీ లేదు. రెండింటికీ ఒకేసారి వైద్యం చేయాలి.

ఈ మాట నేను ఊరికే అనడం లేదు. చాలా ఏళ్ల కిందట ఇలాంటి ఒకాయన నా దగ్గరకు వచ్చాడు. తాగుడు మానేసి అప్పటికి అయిదు నెలలు. భుజం నొప్పి అన్నాడు. ఫైలు చూశాను, 'మాత్రలు అడిగే రకం' అనుకున్నాను, పారాసిటమాల్ రాసి పంపేశాను. భుజం ముట్టుకొని చూడను కూడా చూడలేదు. మూడు వారాలకు తాగిన మత్తులో తీసుకొచ్చారు. నొప్పికి ఇంకేం దొరకలేదని ఆయన భార్య చెప్పింది. ఆ రోజు నుంచి నేను ముందు నొప్పి ఉన్నచోట చెయ్యి పెట్టి చూస్తాను, ఫైలు ఆ తర్వాతే. పట్నం డాక్టర్ ట్రమడాల్ రాయకపోవడం తప్పు కాదు. అసలు వైద్యమే చేయకపోవడం తప్పు. నొప్పికి ఆ జాతి మాత్ర ఒక్కటే మందు కాదు.

మీ ఉత్తరంలో రెండు రకాల నొప్పులు కనిపిస్తున్నాయి. నడుము పట్టేసినట్టుండి, కదిలితే పెరిగి, పడుకుంటే తగ్గే నొప్పి ఎముకలది, కండరాలది. కాళ్లల్లో మంట, కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం, చీమలు పాకినట్టుండడం, దుప్పటి తగిలినా ఓర్వలేకపోవడం నరాలది. డాక్టర్‌కు ఈ రెండూ విడివిడిగా చెప్పండి, మందులు వేరు కాబట్టి.

నరాల నొప్పికి అలవాటు చేయని మందులున్నాయి. అమిట్రిప్టిలిన్, నార్‌ట్రిప్టిలిన్ రాత్రిపూట 10 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు. నిద్ర కూడా పట్టిస్తాయి. నాయనకు మూత్రం ఆగి ఆగి వస్తుంటే ముందే చెప్పాలి, ఇవి దాన్ని ఎక్కువ చేస్తాయి. గుండెకు ఒకసారి ఈసీజీ తీయించడం మంచిది. డ్యులాక్సెటిన్ అనేది ఇంకొకటి. నొప్పికీ, దాంతో వచ్చే దిగులుకూ పనిచేస్తుంది. కాలేయం దెబ్బతిన్నవాళ్లకు, మద్యం ఎక్కువగా తాగుతున్నవాళ్లకు ఇవ్వకూడదు. అందుకే ముందు రక్తపరీక్ష. నాల్ట్రెక్సోన్ వేస్తున్నందుకు కూడా కాలేయ పరీక్ష అప్పుడప్పుడూ చేయించాలి, రెండూ కలిసొస్తాయి. ఈ మందులేవీ ఆ రాత్రికే పనిచేయవు. రెండు మూడు వారాలు ఓపిక పట్టాలి. ఈ సంగతి ఎవరూ చెప్పక, నాలుగు రోజులకే 'ఇదీ పనిచేయలేదు' అని పారేసినవాళ్లను ఎంతమందిని చూశానో!

ప్రిగాబలిన్, గాబాపెంటిన్ కూడా నరాల నొప్పికి వాడతారు. వెన్నుపాము గాయాల నొప్పికి ప్రిగాబలిన్ బాగానే పనిచేస్తుంది. కానీ మత్తు అలవాటు ఉన్నవాళ్లలో కొందరు దీన్ని కూడా ఎక్కువెక్కువ మింగడం మొదలుపెడతారు. కల్లుతోనో, మత్తు మాత్రలతోనో కలిస్తే ఊపిరికి ప్రమాదం. వద్దని నేను అనను. రాస్తే, వారానికి సరిపడా మాత్రమే కొనండి, మాత్రలు మీ దగ్గరే ఉంచండి, డాక్టర్ చెప్పకుండా ఒక్కసారిగా ఆపకండి.

నడుము నొప్పికి పారాసిటమాల్ వాడవచ్చు, లెక్క తప్పకూడదు. ఏళ్ల తరబడి కల్లు తాగిన మనిషి కాబట్టి, కాలేయ పరీక్ష చూసి డాక్టర్ వేరేగా చెప్పేదాకా రోజుకు 2 గ్రాములు దాటొద్దు. అంటే 500 మిల్లీగ్రాముల మాత్రలు నాలుగు, లేదా 650వి మూడు. జలుబు మాత్రల్లో, మెడికల్ షాపులో ఇచ్చే చాలా నొప్పి మాత్రల్లో కూడా పారాసిటమాల్ కలిసి ఉంటుంది, అదీ లెక్కలోకే వస్తుంది. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ వంటివి రోజుల తరబడి వాడితే కడుపులో రక్తం పోవచ్చు, కిడ్నీలు పాడవవచ్చు. ఆర్‌ఎంపీ సూదుల్లో చాలాసార్లు ఇవే ఉంటాయి, కొన్నిసార్లు స్టెరాయిడ్ కూడా. ఆ సూదులు ఇక ఆపేయండి. నొప్పికని ఎవరైనా ఆయుర్వేద అరిష్టాలు తెచ్చిస్తే అవీ వద్దు. దశమూలారిష్టం వంటివాటిలో పులియడం వల్ల మద్యం ఉంటుంది. తాగుడు మాన్పించే డైసల్ఫిరాం మాత్ర వేసుకుంటున్నవాళ్లయితే అది తాగి ఆస్పత్రి పాలవుతారు.

ఇవన్నీ వాడినా నొప్పి భరించలేనంతగా ఉంటే ఇంకో దారి ఉంది. బ్యుప్రెనార్ఫిన్ అని నాలుక కింద పెట్టుకునే మాత్ర. మత్తు మాత్రల అలవాటుకూ, నొప్పికీ రెండింటికీ పనిచేస్తుంది. మోతాదు పెరిగినా మిగతావాటిలా ఊపిరిని అంతగా అణచదు. నొప్పి కోసమైతే రోజు మోతాదునే మూడు, నాలుగు సార్లుగా విడదీసి ఇస్తారు. దానికి ముందు నాల్ట్రెక్సోన్ ఆపాలి, ఎప్పుడు ఎలా ఆపాలో వార్డు డాక్టరే చెప్పాలి. 'ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తా' అని అన్న అడగవచ్చు. రోజూ ఒకే మోతాదు, డాక్టర్ చేతి మీదుగా, మనిషి మత్తులో తూలకుండా, ఇంటి పని చూసుకుంటూ ఉంటే అది వైద్యం. బీపీ మాత్ర రోజూ వేసుకునేవాళ్లను మనం ఏమీ అనం కదా.

మందులతో సగం పనే అవుతుంది. మీ జిల్లా ఆస్పత్రిలో ఫిజియోథెరపీ చేసేవాళ్లను అడిగి నాలుగు వ్యాయామాలు నేర్చుకోండి. ఆరేళ్లుగా ఒకవైపే కర్ర మీద ఒరిగి నడిచే మనిషికి ఆ వైపు భుజం, నడుము రెండూ పట్టేస్తాయి. కర్ర ఎత్తు సరిగ్గా ఉందో లేదో కూడా చూపించండి. నొప్పి తక్కువగా ఉన్న రోజున పశువుల కొట్టం ఊడ్చి, కట్టెలు కొట్టి, మర్నాటి నుంచి మూడు రోజులు మంచం దిగకపోవడం చాలామంది చేసే పొరపాటు. నొప్పి ఉన్నా లేకపోయినా రోజూ అంతే పని, మధ్యలో అంతే విశ్రాంతి. వారం వారం కాస్త పెంచాలి.

కాపడం గురించి ఒక జాగ్రత్త. మంట పుట్టే కాళ్లే చాలాసార్లు స్పర్శ తెలియని కాళ్లు. వేడి ఇసుక మూటతో కాపడం పెట్టి పాదాలు బొబ్బలెక్కినవాళ్లను, అది పుండై నెలల తరబడి మానక బాధపడ్డవాళ్లను చూశాను. నాయనకు ఎంత వేడిగా ఉందో తెలియకపోవచ్చు. మూట మీ మోచేతికి ఆనించి చూడండి, మీకు గోరువెచ్చగా అనిపిస్తేనే పెట్టండి. స్పర్శ లేనిచోట అసలు పెట్టకండి. రాత్రి పడుకునే ముందు పాదాలు తిప్పి చూసే అలవాటు చేసుకోండి. ఉన్నట్టుండి నొప్పి పెరిగితే మలబద్ధకమో, మూత్రంలో ఇన్‌ఫెక్షనో ఉందేమో కూడా చూడాలి. వెన్ను దెబ్బతిన్నవాళ్లలో ఇవి నొప్పిని బాగా పెంచుతాయి. కాళ్లల్లో కొత్తగా బలం తగ్గినా, మూత్రం ఆగిపోయినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, నడుము నొప్పితో జ్వరం వచ్చినా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి.

గోడ మీది క్యాలెండర్‌లో తేదీ గడిలో రోజూ సాయంత్రం నాయన చేతనే ఒక అంకె వేయించండి. నొప్పి లేకపోతే సున్నా, భరించలేకపోతే పది. పక్కనే రెండు మాటలు: ఎంత నిద్రపోయాడు, ఏం చేశాడు. నెల తిరిగేసరికి కొన్ని సంగతులు బయటపడతాయి. ఇంట్లో గొడవైన మర్నాడు ఎనిమిది ఉండవచ్చు, మనవడిని బడికి దిగబెట్టిన రోజు అయిదు ఉండవచ్చు. డాక్టర్‌కు ఆ కాగితం చూపిస్తే మీరు గంటసేపు చెప్పాల్సిన పని ఉండదు. అంకె సున్నా కావాలని కోరుకోకండి. ఎనిమిది కాస్తా అయిదై, రాత్రి అయిదు గంటలు నిద్ర పట్టి, రచ్చబండ దాకా తానే నడిచి వెళ్లగలిగితే వైద్యం పనిచేస్తున్నట్టే.

ఇప్పుడు మీరు చేయాల్సింది, మత్తు మాన్పించిన ఆ వార్డు డాక్టర్ దగ్గరికే మళ్లీ వెళ్లడం. 'మానేశాడు, నిలబడ్డాడు, కానీ నొప్పి వల్ల పడిపోయేలా ఉన్నాడు' అని ఆ మాటే చెప్పండి. ఏయే నొప్పి మందులు వాడవచ్చో, ఏవి వద్దో ఆయన చేత చీటీ రాయించుకోండి. ఎముకల డాక్టర్ దగ్గరికైనా, నరాల డాక్టర్ దగ్గరికైనా ఆ చీటీతో వెళ్లండి. పాత అలవాటు దాచకండి. దాచి రాయించుకున్న మాత్రే ప్రాణం మీదికి తెస్తుంది. ఒకే డాక్టర్ రాయాలి, ఒకే షాపులో కొనాలి. 2018 నుంచి ట్రమడాల్ మత్తు పదార్థాల చట్టం కిందకి వచ్చింది. చీటీ లేకుండా అమ్మడం నేరం. ఆ నాలుగు మాత్రలు చిన్నాయనకు ఎక్కడ దొరికాయో గానీ, అక్కడికి ఇంకోసారి వెళ్లొద్దని చెప్పండి.

ఒక చిన్న అట్టముక్క మీద 'నాల్ట్రెక్సోన్ 50 మి.గ్రా. రోజూ వాడుతున్నాను' అని రాసి, మీ ఫోన్ నంబర్ వేసి నాయన చొక్కా జేబులో పెట్టండి. ఎక్కడైనా పడి ఎముక విరిగితే, మామూలుగా ఇచ్చే బలమైన నొప్పి సూదులు ఆయనకు పనిచేయవు. అక్కడి డాక్టర్లకు ఆ సంగతి తెలిస్తే వేరే పద్ధతిలో నొప్పి తగ్గిస్తారు. ముందే అనుకున్న ఆపరేషన్ అయితే సాధారణంగా మూడు రోజుల ముందు నాల్ట్రెక్సోన్ ఆపిస్తారు.

ఇంత చేసినా ఎప్పుడైనా ఒక రోజు తాగి రావచ్చు, మాత్ర మింగి రావచ్చు. తిట్టడం, తలుపు వేసేయడం వద్దు. ముందు ఊపిరి చూడండి. పిలిచినా లేవకపోవడం, గురగురమని గురక, పెదాలు నీలంగా మారడం, ఊపిరి ఆగి ఆగి రావడం కనిపిస్తే, నిద్రపోతున్నాడులే అనుకోకండి. పక్కకు ఒత్తిగిల్లేలా పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. ఏం మింగాడో అంబులెన్స్ వాళ్లకు దాచకుండా చెప్పండి. విరుగుడు సూది ఉంది, సమయానికి పడితే మనిషి దక్కుతాడు. ఊరికే మాట్లాడాలన్నా, నాయన మాట్లాడాలన్నా, మానసిక ఆరోగ్య సలహాకు టెలీమానస్ నంబర్ 14416, మత్తు మాన్పించే హెల్ప్‌లైన్ 14446. రెండూ ఉచితమే.

అన్నను ఒక రాత్రి నాయన పక్కన పడుకోమనండి. వాదించకండి, పడుకోమనండి చాలు. రెండు గంటలకు లేచి కాళ్లు పిసుక్కునే మనిషిని తన కళ్లతో తనే చూస్తాడు. మీకూ ఒక రాత్రి నిద్ర దొరుకుతుంది. ఏడు నెలలుగా మాత్ర వేసేదీ మీరే, దాచేదీ మీరే, రాత్రి లేచేదీ మీరే. వారంలో రెండు రాత్రులైనా ఆ బరువు ఇంకొకరు మోయాలి.

ఆ నాలుగు మాత్రలు ఇవాళే డబ్బాలోంచి తీయండి. నాయన చూస్తుండగానే ఒక కాగితంలో చుట్టి, చిన్నాయన తెచ్చాడని, నేను వేయలేదని చెప్పండి. వార్డుకు వెళ్లినప్పుడు డాక్టర్ చేతికి ఇచ్చేద్దామని కూడా చెప్పండి. కోపం రావచ్చు, రానివ్వండి. అంతవరకు ఇంట్లో ఉంచకుండా మీరు నమ్మే పక్కింటివాళ్ల దగ్గర పెట్టండి. ఆస్పత్రికి వెళ్లొచ్చాక ఏం రాసిచ్చారో, క్యాలెండర్‌లో అంకెలు ఎలా ఉన్నాయో నాకు రాయండి.